ఆటకును పనికిని ఒకే యంత్రము: గేమింగు ల్యాప్‌టాప్

ఒక యింటిలో అక్కయు తమ్ముడును కలిసి వాడుకొను ల్యాప్‌టాప్ ఒకటి ఉన్నదనుకొందము. అక్క ఇంజనీరింగు విద్యార్థిని; యంత్రభాగముల నమూనాలను తెరమీద గీయును. తమ్ముడు పదవ తరగతి. చదువు ముగిసిన పిదప కార్ల పందెము ఆడును. నాలుగేండ్ల క్రిందట కొన్ననాడు ఆ యంత్రము ఇద్దరికిని చక్కగా పనిచేసినది. ఇప్పుడు ఆట మొదలైన ఇరువది నిమిషములకు కార్లు కుంటినడక నడచుచున్నవి. అక్క పెద్ద నమూనాను తెరచినచో గడియారము వంక చూచుచు కూర్చుండవలసి వచ్చుచున్నది. బ్యాటరీ గంటసేపైనను నిలుచుట లేదు. ఫ్యానుల రొదకు ప్రక్కగదిలోని తాతగారికి నిద్ర పట్టుట లేదు. "ఇది పాతబడినది, క్రొత్తది కొనండి" అని దుకాణదారుని సలహా. క్రొత్తది యనగా లక్ష రూపాయలకు దగ్గర మాట.

ఆ తండ్రి క్రొత్తది కొనవలెనా, ఉన్నదానిని బాగుచేయించవలెనా? ఈ ప్రశ్నకు జవాబు ప్రకటనలలో దొరకదు. ఉన్నత పాఠశాలలో మనము చదువుకొను భౌతికశాస్త్రములోనే దొరకును. ఉష్ణము, విద్యుత్తు, బాష్పీభవనము అను పాఠములు చాలును.

ఆటకు ఇంత శక్తి యెందుకు?

తెర యనునది చిన్నచిన్న చుక్కల గళ్ల వస్త్రము వంటిది. సాధారణమైన తెరమీద అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలుండును. రెండింటిని గుణించినచో 20,73,600. సినిమాలో వలెనే ఆటలో కూడ చలనము మన కంటి భ్రమయే. నిశ్చల చిత్రములు వెంటవెంటనే మారుచుండును. ఐతే సినిమాలో చిత్రములు ముందే తీసి పెట్టబడినవి. ఆటలో అటుల కాదు. ఆటగాడు ఎటు తిరుగునో ఎవరికిని తెలియదు. కావున ప్రతి చిత్రమును అప్పటికప్పుడు లెక్కించి గీయవలెను.

సెకండునకు 60 చిత్రములు గీయవలెనన్నచో 12 కోట్ల 44 లక్షల చుక్కలకు రంగు నిర్ణయింపవలెను. నేటి గేమింగు ల్యాప్‌టాపులలో సెకండునకు 144 చిత్రములు చూపు తెరలు సామాన్యము. అప్పుడు చుక్కలు దాదాపు 30 కోట్లగును. ఒక్కొక్క చిత్రమునకు దొరకు వ్యవధి సెకండులో 144వ వంతు, అనగా 7 మిల్లిసెకండ్లకు లోపు. ప్రతి చుక్కకును వెలుగెటు నుండి వచ్చినది, నీడ యెటు పడినది, ముందున్న వస్తువేది, వెనుకనున్నదేది అని లెక్క వేయవలెను.

ఈ లెక్కలలో ఒక విశేషము కలదు. ఒక చుక్క లెక్కకును ప్రక్క చుక్క లెక్కకును చాలవరకు సంబంధము లేదు. కావున వానిని వరుసగా చేయనక్కర లేదు, ఒక్కసారిగా చేయవచ్చును. వెయ్యి లెక్కలను చేయుటకు మహాపండితుడొక్కడు మేలా, ఎక్కములు వచ్చిన వెయ్యిమంది పిల్లలు మేలా? ఈ పనికి పిల్లలే మేలు. కంప్యూటరులోని ప్రధాన ప్రాసెసరు పండితుని వంటిది. అందు పనిచేయు భాగములు పది యిరువది మాత్రమే. గ్రాఫిక్స్ ప్రాసెసరు పిల్లల గుంపు వంటిది. అందు వేలకొలది చిన్న లెక్కగాండ్రు కలరు. ఈ రెండవ చిప్పు బలముగా ఉండుటయే గేమింగు ల్యాప్‌టాపునకును సామాన్య ల్యాప్‌టాపునకును ముఖ్యమైన భేదము.

ఆటబొమ్మ శాస్త్రమునకు పనికివచ్చుట

ఇటువంటి చిప్పు ఆటకే కాక పనికిని ఉపయోగపడునని 2012లో లోకమునకు చక్కగా తెలిసినది. కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయమున జెఫ్రీ హింటన్, ఆయన శిష్యులు అలెక్స్ క్రిజెవ్‌స్కీ, ఇల్యా సుట్స్‌కెవర్ అను మువ్వురు, చిత్రములోని వస్తువేదో గుర్తించు ఒక ప్రోగ్రామును తయారుచేసిరి. దానికి దాదాపు 12 లక్షల చిత్రములు చూపి నేర్పవలసి వచ్చినది. ఇందుకు వారు వాడినవి మహాయంత్రములు కావు. ఆటగాండ్రు కొనుక్కొను జీటీఎక్స్ 580 అను గ్రాఫిక్స్ కార్డులు రెండు! ఒక్కొక్కదాని జ్ఞాపకము 3 గిగాబైట్లు మాత్రమే. ఐదారు రోజులలో శిక్షణ ముగిసినది. ఆ యేటి ఇమేజ్‌నెట్ పోటీలో ఆ ప్రోగ్రాము తక్కినవానిని చాల వెనుకకు నెట్టివేసినది. 2024లో హింటన్ భౌతికశాస్త్రపు నోబెల్ బహుమతిని పంచుకొనిరి.

కాబట్టి ఇంటిలో తమ్ముడు కారు పందెమాడు చిప్పే అక్క గీసిన నమూనాకు వెలుగునీడలు దిద్దును. వీడియోలు కూర్చువారికి తోడుపడును. శాస్త్రవిద్యార్థికి పెద్ద లెక్కలు చేసిపెట్టును. "ఆటల యంత్రము" అను పేరు చూచి తల్లిదండ్రులు దానిని తీసిపారవేయనక్కర లేదు. ఐతే దాని స్వభావము తెలిసికొని వాడవలెను.

శక్తియంతయు వేడియగును

విద్యుద్దీపము వెలుగునిచ్చును, మోటారు నీరు తోడును. కంప్యూటరు చిప్పు ఏమియు ఎత్తదు, ఏమియు త్రిప్పదు. అది త్రాగిన విద్యుత్తు ఇంచుమించు అంతయు వేడిగా మారును. ఆట మంచి పట్టులో ఉన్నప్పుడు రెండు ప్రాసెసర్లును కలిసి 150 వాట్లు తీసికొనుట సామాన్యమే. ఊరక కూర్చున్న మనిషి దేహము నుండి వెలువడు వేడి సుమారు 100 వాట్లు. ఒకటిన్నర మనుష్యుల వేడి అరచేతి మందమైనను లేని పెట్టె నుండి వెలువడుచున్నదన్న మాట.

వేడి మొత్తము కన్న వేడి సాంద్రత మరింత కష్టము కలిగించును. వేయి వాట్ల ఇస్త్రీపెట్టె అడుగు వైశాల్యము సుమారు 200 చదరపు సెంటీమీటర్లనుకొన్నచో, చదరపు సెంటీమీటరునకు 5 వాట్లు వచ్చును. మధ్యతరగతి గ్రాఫిక్స్ చిప్పు వైశాల్యము ఒకటిన్నర చదరపు సెంటీమీటర్లకు కొంచె మెక్కువ. దానిలో 100 వాట్లు పుట్టినచో చదరపు సెంటీమీటరునకు 60 వాట్లు! ఇస్త్రీపెట్టెకు పన్నెండు రెట్లు. ఈ వేడిని వెంటనే తొలగింపనిచో చిప్పు మాడిపోవును. అందుచేత ప్రతి చిప్పులోను ఉష్ణమాపకములు అమర్చబడియుండును. వేడి 95 మొదలు 100 డిగ్రీల సెంటిగ్రేడు ప్రాంతమునకు చేరగానే చిప్పు తన వేగమును తానే తగ్గించుకొనును. ఇరువది నిమిషముల పిదప కార్లు కుంటుటకు రహస్యమిదే. యంత్రము ముసలిదగుట చేత కాదు, జ్వరము వచ్చుట చేత అది నెమ్మదించినది.

ఇక్కడ ఒక చక్కని సూత్రము కలదు. చిప్పు తీసికొను శక్తి చాలవరకు వోల్టేజి వర్గమును, పౌనఃపున్యమును గుణించిన లబ్ధమునకు అనుపాతములో ఉండును. వేగము పెంచవలెనన్నచో సాధారణముగా వోల్టేజిని కూడ పెంచవలెను. దీనినే తిరుగవేసి చూతము. వేగమును పదవవంతు తగ్గించి, వోల్టేజిని పదవవంతు తగ్గించితిమనుకొనుడు. అప్పుడు శక్తి 0.9 × 0.9 × 0.9, అనగా 0.729 వంతగును. నూటికి పదిపాళ్లు వేగము వదలుకొన్నచో నూటికి 27 పాళ్లు వేడి తగ్గినది! ఆటను 144 చిత్రములకు బదులు 60 చిత్రములకు పరిమితము చేయుట, యంత్రమును "సమతుల్య" స్థితిలో ఉంచుట అను చిన్న యుపాయముల వెనుక నున్న గణితమిదియే. వీనికి ఒక్క పైసాయైనను ఖర్చు లేదు. తాతగారికి నిద్రయు పట్టును.

వేడిని మోయు నీరు

చిప్పునుండి వేడి వెలుపలికి వచ్చు మార్గము చూడదగినది. చిప్పుమీద నుండి చదునైన రాగిగొట్టములు బయలుదేరి యంత్రపు అంచున నున్న పలుచని రేకుల వరుసను చేరును. ఆ గొట్టము గట్టి రాగికడ్డీ కాదు. దానిలో గాలి తీసివేసి, కొంచెము నీరు పోసి, మూతి మూసివేసినారు. లోపలి గోడలకు వత్తి వంటి సన్నని పూత కలదు.

పీడనము తక్కువగుట చేత ఆ నీరు 100 డిగ్రీల వరకు ఆగదు. చాల తక్కువ వేడికే ఆవిరియగును. చిప్పువద్ద ఆవిరియైన నీరు చల్లని చివరకు పరుగెత్తి, అక్కడ రేకులకు వేడినిచ్చి తిరిగి నీరగును. ఆ నీరు దీపపు వత్తిలో నూనె ప్రాకినట్లు పూతలో ప్రాకి మరల చిప్పును చేరును. పొయ్యిమీది గిన్నెమూతకు నీటిచుక్కలు పట్టుట మన మెరిగినదే. ఆ నాటకమే ఇక్కడ మూసిన గొట్టములో నిరంతరము సాగుచుండును.

ఒక గ్రాము నీరు ఆవిరియగుటకు సుమారు 2,260 జౌళ్ల గుప్తోష్ణము కావలెను. కావున 113 వాట్ల వేడిని మోయుటకు ఇరువది సెకండ్లకు ఒక గ్రాము నీరు ఆవిరియైన చాలును. ఇంత కొంచెపు నీరు ఇంత పని చేయుట ఆశ్చర్యము కాదా? ఇట్టి గొట్టమునకు అమెరికాలో 1944లోనే పేటెంటు ఉన్నను, 1963లో లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జి గ్రోవర్ దానిని స్వతంత్రముగా రూపొందించిన తరువాతనే అది ప్రసిద్ధికి వచ్చినది. ఆనాడు దృష్టి అంతరిక్ష నౌకలమీద నుండెను. ఈనాడది మన బల్లమీదికి దిగినది.

చివరి మజిలీ గాలిది. 150 వాట్ల వేడిని 20 డిగ్రీలు వేడెక్కిన గాలితో బయటికి పంపవలెనన్నచో సెకండునకు ఆరున్నర లీటర్లు, నిమిషమునకు దాదాపు 400 లీటర్ల గాలి రేకులగుండ పోవలెను. ఆ రేకుల నడుమ సందు మిల్లిమీటరంత మాత్రమే. నాలుగేండ్ల దుమ్ము అక్కడ దూదిపొర వలె పేరుకొన్నచో గాలి యెటు పోవును? పరుపుమీదనో దుప్పటిమీదనో యంత్రమును పెట్టినచో అడుగు రంధ్రములు మూసికొనిపోవును. ఇక గాలి వచ్చుటయే లేదు.

మన వేసవి కూడ లెక్కలోనికి వచ్చును. వేడి తొలగు వేగము లోపలి, బయటి ఉష్ణోగ్రతల భేదముపై ఆధారపడును. చిప్పు 90 డిగ్రీల వద్ద నున్నదనుకొనుడు. గది 25 డిగ్రీలైనచో భేదము 65. రామగుండములోనో విజయవాడలోనో మే నెల మధ్యాహ్నము గది 40 డిగ్రీలకు చేరినచో భేదము 50. ఆ యంత్రమే, ఆ ఫ్యానులే. అయినను నాలుగింట మూడు వంతుల వేడినే తొలగించగలుగుచున్నది. చల్లని దేశమున పరీక్షించి వ్రాసిన వేగములు మన యిండ్లలో ఎండకాలమున కనబడకపోవుటకు ఇదియొక కారణము.

పేరొకటే, బలము వేరు

కొనువారు మోసపోవు చోటు ఒకటి కలదు. ఒకే పేరుగల గ్రాఫిక్స్ చిప్పు రెండు ల్యాప్‌టాపులలో రెండు విధములుగా పనిచేయవచ్చును. ఆర్‌టీఎక్స్ 4060 ల్యాప్‌టాప్ చిప్పును 35 వాట్లు మొదలు 115 వాట్ల వరకు ఏ మితికైనను బిగింప వీలు కలదు. పెట్టె పలుచనైనకొలది వేడిని తొలగించుట కష్టము. కావున మితి తగ్గింపబడును. బల్లమీది పెద్ద కంప్యూటరు కార్డుతో పోల్చినచో తేడా మరింత స్పష్టము. ఆర్‌టీఎక్స్ 4090 అను పేరు రెండింటికిని కలదు. పెద్ద కంప్యూటరు కార్డులో లెక్కగాండ్రు 16,384; జ్ఞాపకము 24 గిగాబైట్లు; శక్తి 450 వాట్లు. 2023లో వచ్చిన ల్యాప్‌టాప్ చిప్పులో లెక్కగాండ్రు 9,728; జ్ఞాపకము 16 గిగాబైట్లు. కాబట్టి "ఏ చిప్పు?" అని మాత్రమే కాక "ఎన్ని వాట్లకు?" అని కూడ అడుగవలెను.

బ్యాటరీ విషయమున కూడ ఆశలు మితముగా ఉండవలెను. ప్రయాణికులు ప్రత్యేకానుమతి లేకుండ విమానములోనికి తీసికొనిపోగల లిథియం బ్యాటరీకి 100 వాట్-గంటల మితి కలదు. అందుచేతనే పెద్ద ల్యాప్‌టాపుల బ్యాటరీలు 99 వద్ద ఆగిపోవును. 90 వాట్-గంటల బ్యాటరీ నుండి 180 వాట్లు లాగినచో అరగంటలో ముగిసిపోవును. ఇది తయారీలోని లోపము కాదు, భాగహారము. ఆటను గోడవిద్యుత్తుమీదనే ఆడవలెను. 200 వాట్ల యంత్రము ఐదుగంటలకు ఒక యూనిటు కాల్చునని కూడ జ్ఞాపకముంచుకొనదగును.

ఏవి మార్చవచ్చును?

గేమింగు ల్యాప్‌టాపులలో చాలవానియందు రెండు భాగములను సులభముగా మార్చవచ్చును: ర్యామ్ అను తాత్కాలిక జ్ఞాపకము, ఎస్.ఎస్.డి. అను శాశ్వత నిల్వ. బ్యాటరీ, ఫ్యానులు కూడ అరిగినప్పుడు మార్చదగినవే. ప్రధాన ప్రాసెసరు, గ్రాఫిక్స్ ప్రాసెసరు, దాని సొంత జ్ఞాపకము మాత్రము పలకకు టంకము వేయబడియుండును; వానిని మార్చ వీలులేదు. కొన్ని పలుచని యంత్రములలో ర్యామ్ కూడ టంకము వేసినదే. గ్రాఫిక్స్ భాగమును విడదీసి మార్చుకొన వీలుండునట్లు ఫ్రేమ్‌వర్క్ అను సంస్థ 2024 నుండి ఒక ల్యాప్‌టాపును అమ్ముచున్నది గాని ఇట్టివి అరుదు. కావున కొనునాడే చిప్పును చూచి కొనవలెను. ర్యామ్‌ను, నిల్వను తరువాత పెంచుకొనవచ్చును.

ర్యామ్ చాలనిచో ఏమగును? కంప్యూటరు తన వస్తువులలో కొన్నింటిని నిల్వలోనికి మార్చి, కావలసినప్పుడు తెచ్చుకొనుచుండును. ఈ రాకపోకల ఖరీదు చూడుడు. ర్యామ్ నుండి ఒక వస్తువు తెచ్చుటకు సుమారు 100 నానోసెకండ్లు పట్టును. ఎస్.ఎస్.డి. నుండి సుమారు 100 మైక్రోసెకండ్లు. పాతకాలపు తిరుగు డిస్కు నుండి సుమారు 10 మిల్లిసెకండ్లు. ర్యామ్ కాలమును ఒక సెకండుగా ఊహించినచో ఎస్.ఎస్.డి.కి పదిహేడు నిమిషములు, డిస్కునకు ఇరువది యెనిమిది గంటలు! చేతిలోని గరిటెకును, వీధిచివర దుకాణమునకును, పొరుగూరి సంతకును గల తేడా యిది. అక్క గడియారము వంక చూచుట ఎందుకో ఇప్పుడు తెలిసినది కదా.

ర్యామ్ పలకలు ఒకటి కన్న రెండు మేలు. ప్రాసెసరునకు ర్యామ్ వైపు సాధారణముగా రెండు ద్వారములుండును. 16 గిగాబైట్ల పలక ఒక్కటే ఉన్నచో ఒక ద్వారము మూసియుండును. 8 గిగాబైట్లవి రెండున్నచో రెండును తెరచుకొనును. డీడీఆర్4 జాతి 3200 వేగపు పలక ఒకటి సెకండునకు 25.6 గిగాబైట్ల వరకు అందించును, రెండైనచో 51.2. డీడీఆర్4 పలక డీడీఆర్5 గాడిలో పట్టదు. గంటు వేరుచోట నుండును. కావున జాతి చూచి కొనవలెను. నిల్వకు వాడు ఎం.2 పలకలలో ఎక్కువ వాడుకలో నున్నది 22 మిల్లిమీటర్ల వెడల్పు, 80 మిల్లిమీటర్ల పొడవు గలది. అందును సాటా జాతి, ఎన్‌వీఎంఈ జాతి అని రెండు కలవు. యంత్రము దేనిని అంగీకరించునో ముందుగా తెలిసికొనవలెను.

విప్పుటకు ముందు

విద్యుత్తు తీగను తీసివేసి, యంత్రమును పూర్తిగా ఆపివేయవలెను. మూత విప్పగానే మొట్టమొదట బ్యాటరీ తీగను విడదీయవలెను. మన దేహమందలి స్థిరవిద్యుత్తు మనకు తెలియకుండనే చిప్పుకు హాని చేయును. కావున భూమికి కలిపిన లోహమును తాకి పని మొదలుపెట్టవలెను. దుమ్ము ఊదునప్పుడు ఫ్యాను రెక్కలను వ్రేలితో పట్టి ఉంచవలెను. ఉబ్బిన బ్యాటరీని గుచ్చరాదు, నొక్కరాదు, వాడరాదు, తెలిసినవారిచే తీయించవలెను. మూత విప్పినచో హామీ పోవునా అని హామీపత్రమును చదువుట కూడ మరువరాదు.

ఆ యింటి యంత్రమునకు చికిత్స

ఇక మొదటి కథకు వత్తము. ఇరువది నిమిషముల పిదప నెమ్మదించుట వేడి లక్షణము: రేకులలోని దుమ్ము తీయించి, చిప్పునకును రాగికిని నడుమ ఎండిపోయిన ఉష్ణవాహక లేపనమును క్రొత్తగా పూయించవలెను. పెద్ద నమూనా తెరచునప్పుడు టాస్క్ మేనేజరులో జ్ఞాపకము నూటికి 95 పాళ్లు నిండినట్లు కనబడినచో ర్యామ్ చాలదన్న మాట: ఖాళీ గాడిలో మరియొక పలక చేర్చవలెను. బ్యాటరీ రసాయనికముగా అరిగినది: క్రొత్తది వేయించవలెను. ఈ మూడింటికిని కలిపి అగు ఖర్చు క్రొత్త యంత్రపు వెలలో కొద్ది భాగమే.

ఒక్కటి మాత్రము కుదరదు. గ్రాఫిక్స్ చిప్పు సొంత జ్ఞాపకము 4 గిగాబైట్లే అయినచో, ఈ యేటి క్రొత్త ఆటలలోని పెద్ద పెద్ద రంగుల అల్లికలు దానిలో పట్టవు. ర్యామ్ పెంచినను ఆ లోటు తీరదు. తమ్ముడు అల్లికల నాణ్యమును ఒక మెట్టు తగ్గించి ఆడుకొనవలెను. ఆ తృప్తి చాలదనుకొన్ననాడే, లేదా అక్క పనికే ఆ చిప్పు చాలనినాడే, క్రొత్తది కొనుట న్యాయము.

తరగతిలో చేయదగిన పరీక్ష

ఉపాధ్యాయులు దీనిని ఒక చిన్న ప్రయోగముగా చేయించవచ్చును. ఏదైన ల్యాప్‌టాపును చదునైన బల్లమీద ఉంచి, బరువైన ప్రోగ్రామును నడిపి, వేడిగాలి వెలువడు రంధ్రము ఎదుట ఉష్ణమాపకము నుంచి ఐదేసి నిమిషములకు అరగంటపాటు ఉష్ణోగ్రత వ్రాయించవలెను. తరువాత ఆపి చల్లారనిచ్చి, వెనుక అంచు క్రింద రెండు పుస్తకములు పెట్టి ఎత్తుచేసి, గాలి రంధ్రములు మూసికొనకుండ చూచి మరల వ్రాయించవలెను. గది ఉష్ణోగ్రతను రెండుసార్లును గుర్తించవలెను. చిప్పు ఉష్ణోగ్రతను చూపు ప్రోగ్రాము ఉన్నచో దానిని కూడ ప్రక్కన వ్రాయవలెను. రెండు రేఖలను ఒకే గ్రాఫు కాగితముమీద గీసి, తేడాకు కారణము విద్యార్థుల చేతనే చెప్పించవలెను.

లక్ష రూపాయల యంత్రమైనను గాలికి, నీటికి, వేడికి సంబంధించిన నియమములకు లోబడియే పనిచేయును. ఆ నియమములు తెలిసిన విద్యార్థి దుకాణములో నిలిచి సరియైన ప్రశ్న అడుగగలడు. ఇంటిలో నున్న యంత్రమునకు మరి రెండు మూడేండ్ల ఆయుష్షు పోయగలడు.